కంచు గుమ్మడికాయ

సర్వ సరుకుల రాకపోకలను శాసించు ఉన్నతాధికారుల వారి సమక్షమునకు:

తమ పేర్లు గానీ, తాము ఎందరన్నది గానీ కింది సిబ్బందికి తెలియరాదన్న ఉత్తర్వు అమల్లో ఉన్నందున ఇందులో ఎవరినీ పేరు పెట్టి సంబోధించలేదు. ఇది అవిధేయత కాదు, విధేయతే.

ఎర్రగట్టు కూడలిలో రెండవ శ్రేణి వర్గీకరణాధికారిగా పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న యం. కంబగిరి, ఎం.ఏ. (తర్కశాస్త్రం) అను నేను, నా దినచర్య పుస్తకంలోని కొన్ని నమోదులను ఉన్నవి ఉన్నట్టుగా జతపరుస్తున్నాను. దినచర్య పుస్తకంలో అభిప్రాయాలు రాయకూడదు. కొన్నిచోట్ల రాశాను. సంభాషణలు అసలే రాయకూడదు. అవి ఇంకా ఎక్కువ రాశాను. చివర ఒక డిమాండు ఉన్నది. తొందరలో ఉన్నవారు నేరుగా దాని దగ్గరికే పోవచ్చు. మిగతాదంతా తొందర లేనివారి కోసం రాసింది. నా అనుభవంలో తమలో వారే ఎక్కువ.

నమోదు 1. ఎండ నిషేధం, 41వ రోజు.

ఉదయం ఏడింటికి బల్ల మీదికి వచ్చిన వస్తువు: రెక్కల చక్రం ఒకటి. లోహం కంచు. బరువు పదకొండు కిలోలు. వెడల్పు జానెడు మీద నాలుగు వేళ్ళు. వంపు తిరిగిన రెక్కలు ఏడు. మధ్యలో ఇరుసు పట్టడానికి రంధ్రం ఒకటి. పంపు కడుపులో తిరుగుతూ నీటిని పైకి విసిరే భాగం ఇది. మెకానిక్కులు ఇంపెల్లరు అంటారు. మా ఊరి పోతపనివాడు పాత అచ్చులో పోశాడు. పోత పూర్తయ్యాక అచ్చు పగిలింది. మరొకటి కావాలంటే అచ్చు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి, నెల పడుతుంది.

చేరవలసిన చోటు కొర్రమిట్ట. ఇక్కడికి తొంభయ్యారు కిలోమీటర్లు. రోడ్లు రద్దయ్యాక గొట్టం ఒక్కటే దారి. సరుకును డొల్లలో పెట్టి, చీటీ అంటించి వదిలితే గొట్టంలోని గాలి దాన్ని తోసుకుపోతుంది. దారిలో ఉండే కూడలి యంత్రాలు డొల్లను తెరవవు. చీటీ చదువుతాయి. అంటే ప్రయాణం చేసేది వర్గం; వస్తువు దాని వెంట పోతుంది. ఈ మాట శిక్షణలో మొదటి రోజునే చెబుతారు. అర్థం కావడానికి పదేళ్ళు పడుతుంది.

ఎనిమిదింటికి టెలిఫోను మోగింది.

"సార్, నేను సుంకులమ్మని. కొర్రమిట్టలో పంపు కాడ పన్జేస్తా. మా చక్రం మీ బల్ల మీదికి వచ్చిందంట గదా."

"వచ్చిందమ్మా."

"ఎప్పుడు పంపిస్తారు?"

"వర్గీకరణ జరగాలి."

"దానికెంత సేపు పడతాది?"

"సరైన వర్గం దొరికేంతసేపు."

"తొట్టిలో ఎనిమిది జానల నీళ్ళుండాయి సార్. పొద్దున్నే కట్టె పెట్టి కొలిచినా. మనిషికి దినానికి మూడు చెంబులు పోస్తాండాం. మూడు దినాలకి ఒక జాన దిగుతాది. రెండువందల పన్నెండు మందిమి ఉండాం. నడిచొద్దామంటే ఈ ఎండకి పదిమైళ్ళు దాటము. లెక్క మీరే ఏసుకోండి."

లెక్క వేశాను. అరవై అయిదవ రోజు. ఎండలో ఎవరూ బయట తిరగరాదన్న ఈ నిషేధాన్ని ఎత్తివేసేది నూటయాభయ్యవ రోజున. ఈ రెండు అంకెలూ వర్గీకరణకు సంబంధించినవి కావు గనుక చీటీలో రాయలేదు.

నమోదు 2. 43వ రోజు.

నిబంధన: భాగం తన యంత్రాన్ని అనుసరించాలి.

మరలు, స్ప్రింగులు, బేరింగులు ఏ యంత్రంలోనైనా ఒదిగిపోతాయి గనుక వాటికి సొంత వర్గాలున్నాయి. ఒకరకంగా అవి సన్యాసులు. ఇంపెల్లరు సంసారి. నీది ఏ పంపు అన్న ప్రశ్నకు జవాబు చెప్పనిదే అది గడప దాటలేదు.

కొర్రమిట్టలో ఉన్నది ఊటనిధి-4 రకం పంపు. ఆ పేరు నమోదు చేస్తే వర్గీకరణ యంత్రం ఇలా జవాబిచ్చింది: "ఈ నమూనాను ఆరేళ్ళ కిందట జాబితా నుంచి తొలగించి, అన్ని మిట్టలలోనూ ఊటనిధి-9ని నెలకొల్పడమైనది." కొర్రమిట్టలో నెలకొల్పారా అని రికార్డు విభాగాన్ని అడిగాను. మంజూరు చేశామని చెప్పారు. పంపారా అని అడిగాను. మంజూరు చేశామని మళ్ళీ చెప్పారు.

ఊటనిధి-9 భాగంగా రాద్దామంటే దాని ఇంపెల్లరు ప్లాస్టిక్కు, బరువు కిలోన్నర. గొట్టం మూతి దగ్గర కాటా ఉన్నది. మొత్తం వ్యవస్థలో వస్తువును పట్టించుకునేది ఆ కాటా ఒక్కటే.

కాబట్టి ఊటనిధి-4 లేదు. లేని యంత్రానికి భాగం ఉండదు. నా బల్ల మీద ఉన్నది లేదు. పరీక్షార్థం దాని మీద టీ గ్లాసు పెట్టి చూశాను. నిలబడింది.

నమోదు 3. 47వ రోజు. తొట్టిలో ఆరు జానలు.

చక్రం అన్న వర్గం కింద ప్రయత్నించాను. చక్రం వాహనానికి భాగం, రోడ్లు రద్దయినందున వాహనాలు లేవు, తిరస్కృతి.

పాత్ర అన్న వర్గం కింద ప్రయత్నించాను. పాత్రకు నీరు నిలిపే గుణం ఉండాలి. ఇది నీటిని విసిరేస్తుంది. తిరస్కృతి.

శిల్పం అన్న వర్గం కింద ప్రయత్నించాను. అందులో "ఈ కృతి భావమేమి?" అని ఒక గడి ఉన్నది. "దాహం" అని రాశాను. భావం ఆమోదించారు, శిల్పి సంతకం అడిగారు. పోతపనివాణ్ణి పిలిపించి సంతకం పెట్టమన్నాను. అతను చేతులు కట్టుకుని, "నేను పోసింది పంపు చక్రం సార్. బొమ్మ అని ఏలు పెడితే రేపు నా కాడికి బొమ్మలే వస్తాయి" అని వెళ్ళిపోయాడు. ఈ కార్యాలయానికి వచ్చిపోయేవారిలో ఇంత నిజాయితీపరుణ్ణి చూడలేదు. అతని వల్ల జరిగిన నష్టం అపారం.

పక్క బల్ల దస్తగిరి ఇదంతా చూస్తూ జామకాయ తింటున్నాడు. మూడవ శ్రేణి, నాకంటే ఆరేళ్ళు పెద్ద, పదోన్నతి పరీక్షకు ఏనాడూ కూర్చోలేదు.

"పాతకాలంలో అయితే 'ఇతరములు' అని గీకి పారేస్తాంటిమి సామీ," అన్నాడు. "దేంట్లోనూ పట్టందంతా దాంట్లో పట్టేది. ఆ మారాజు ఎవరో గానీ దాన్ని పీకించినాడు."

"ఎవరో నీకు తెలుసు."

"తెలీక అంటానా. ఆ మారాజుకిచ్చిన యోగ్యతాపత్రం నీ తలకాయ పైనే యాలాడతాంది. నేను సూడకుండా ఎట్లుంటా, దినామూ దానికెదురుగానే కూసుంటా."

వాస్తవం నమోదు చేయాలి గనుక చేస్తున్నాను. నాలుగేళ్ళ కిందట "ఇతరములు అను వర్గము సోమరితనమునకు ఆశ్రయము" అన్న శీర్షికతో నలభై పుటల నివేదిక సమర్పించింది నేనే. ప్రతి వస్తువుకూ ప్రపంచంలో ఒక చోటు ఉంటుందనీ, దాన్ని వెతకడమే మన వృత్తి అనీ అందులో వాదించాను. వాదంలో లోపం ఇప్పటికీ కనపడడం లేదు. వర్గాన్ని రద్దు చేశారు. నాకు శాలువా కప్పారు.

నమోదు 4. 49వ రోజు.

వస్తువు కదలలేదు. దుమ్ము తుడిచాను.

నమోదు 5. 52వ రోజు.

పర్యవేక్షకురాలు హైమవతి గారి గదిలో సమావేశం. ఆమె, నేను, ఇంపెల్లరు.

"మీరు చేసింది సరైనదే కంబగిరి గారూ," అన్నారు ఫైలు చూసి.

"సరైనది చేశాక కూడా వస్తువు ఇక్కడే ఉంది మేడం."

"సరైనదనడానికి అదే కదా రుజువు. తప్పు చేసి ఉంటే ఈపాటికి వెళ్ళిపోయేది."

ఆ వాక్యాన్ని తర్కశాస్త్ర ఉదాహరణగా దినచర్య పుస్తకంలో రాసుకున్నాను.

"నమూనాను జాబితాలోకి తిరిగి తీసుకోవాలంటే సంఘం కూర్చోవాలి. ఎండ నిషేధం ముగిశాక కూర్చుంటుంది. వాళ్ళ తొట్టిని అప్పటిదాకా ఆగేలా చూసుకోమనండి."

"అరవై అయిదవ రోజుకి అయిపోతుంది మేడం."

ఆమె నా వైపు చూడలేదు. ఫైలును రెండు చేతులతో మూసి, దాని అంచులు సరిచేసి, సరిగ్గా బల్ల మూలకు జరిపారు. "నా ముందున్న పర్యవేక్షకుడు ఇప్పుడెక్కడున్నాడో తెలుసా మీకు?" అని అడిగారు. తెలియదన్నాను. "నాకూ తెలియదు," అన్నారు.

సాయంత్రం సుంకులమ్మకు ఈ విషయం చెప్పాను. ఆమె సంఘం గురించి ఏమీ అడగలేదు.

"సార్, శుక్రవారం మాకొచ్చే కూరగాయల్లో వంకాయలూ గింకాయలూ వద్దు. అన్నీ దోసకాయలే ఏయండి. గుడ్డలో ఏసి పిండి ముసలోళ్ళకి పోస్తాండాం. చెంబు నీళ్ళు మిగుల్తాండాయి."

దోసకాయలు దోసకాయలే గనుక వాటి వర్గీకరణలో చిక్కు లేదు. అయితే మిట్టకు వారానికి ఇన్ని కిలోలు అని కోటా ఉన్నది. ఒక్క కిలో కూడా పెంచడానికి వీల్లేదు. కోటా మొత్తం దోసకాయలే రాశాను. ద్రవాలను గొట్టంలో పంపడం నిషేధం. దోసకాయ ఘనపదార్థమని పుస్తకం చెబుతున్నది. పుస్తకం రాసినవారికి ఇంతకాలానికి కృతజ్ఞత చెప్పే అవకాశం వచ్చింది.

నమోదు 6. 55వ రోజు.

క్యాంటీనులో దస్తగిరి నా ఎదుట వచ్చి కూర్చున్నాడు. కూర్చోగానే గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గించడం పందొమ్మిదేళ్ళలో ఇదే మొదలు.

"పచ్చి సరుకని రాయి."

"దేన్ని?"

"నీ పెండ్లాన్ని. ఇంక దేన్ని, ఆ చక్రాన్నే. పచ్చి సరుకుకి యంత్రం పేరు అడగరు, పుట్టుపూర్వం అడగరు. అన్నిటికన్నా ముందు తోస్తారు. ఇరవై గంటల్లో కొర్రమిట్టలో ఉంటాది."

"అది అబద్ధం."

"అవును సామీ. నేను దినానికి నాలుగు రాస్తా. ఎవురి కొంప మునిగింది?"

అతని ముప్పై ఏళ్ళ రికార్డు గురించి అనేకసార్లు పై అధికారులకు ఫిర్యాదు చేయాలనుకుని చేయలేదు. చేయనందుకు ఇప్పటివరకూ సిగ్గుపడుతూ వచ్చాను.

"పదకొండు కిలోలు, ఒకటే కాయ. ఏ కాయ అని రాయాలి?" అని అడిగాను.

"అట్ల రా దారికి. పనసకాయ అందామంటే కాలం గాదు. గుమ్మడికాయ అని రాయి. గుమ్మడికాయకి కాలమేముంది, నెలల తరబడి ఉట్టి మీదుంటాది. కాకపోతే ఒకటుంది. శుక్రవారం కోటాలో పడతాది. పదకొండు కిలోల దోసకాయలు తీసెయ్యల్ల."

ఈ నిర్ణయం నాది కాదనిపించి సుంకులమ్మకు ఫోను చేశాను. విషయం విన్నాక ఆమె ఫోనుకు దూరంగా తిరిగి ఎవరితోనో మాట్లాడింది. వాదించుకున్నారు. ఒక ముసలి గొంతు, "ఆ చక్రమొచ్చేదాకా నేనుంటా గానీ తీసెయ్యమను," అనడం వినిపించింది.

"మా తిరుపాలు తాత," అంది సుంకులమ్మ మళ్ళీ వచ్చి. "దోసకాయ రసం తాగేది ఆయనే. ఆయనే ఒప్పుకున్యాక ఇంకేముంది. పంపు సార్. చక్రమొస్తే గంటలో ఎక్కిస్తా. ఇరుసు తీసి, నూనె పెట్టి, గుడ్డ చుట్టి తయారుగా పెట్టినా."

నమోదు 7. 56వ రోజు. తొట్టిలో మూడు జానలు.

పచ్చి సరుకు ప్రకటన పత్రం పూరించాను.

వర్గం: పచ్చి సరుకు. పేరు: గుమ్మడికాయ. సంఖ్య: ఒకటి. బరువు: పదకొండు కిలోలు. పై తోలు: గట్టిది. గాట్లు: ఏడు, వంపు తిరిగినవి. ఇవన్నీ రాసేటప్పుడు వస్తువు నిజంగానే సహకరించింది.

పదకొండవ గడి: "వస్తువునకు రంధ్రములు కలవా?"

ఇక్కడ కొంత ఆలోచించాను. పేరు విషయంలో అబద్ధం రాశాను. అది లేకపోతే వస్తువు కదలదు గనుక అది అవసరం. రంధ్రం విషయంలో అబద్ధం లేకపోయినా వస్తువు కదులుతుంది. అవసరం లేని అబద్ధం రాయడం అలవాటుకు దారితీస్తుంది. "కలదు. ఒకటి. మధ్యన," అని రాసి, బొటనవేలి ముద్ర వేశాను. పత్రాన్ని దస్తగిరికి చూపించలేదు. మూడవ శ్రేణివారు రెండవ శ్రేణి పత్రాలను సరిచూసే ఆనవాయితీ లేదు.

ఉదయం పది గంటలకు డొల్ల కదిలింది. సుంకులమ్మకు కబురు చేశాను. "మీ కడుపు సల్లగుండ," అంది. ఉద్యోగరీత్యా నాకు ఎవరైనా దీవెన ఇవ్వడం ఇదే ప్రథమం. దాన్ని ఏ శీర్షిక కింద నమోదు చేయాలో తెలియలేదు.

నమోదు 8. 58వ రోజు.

నిన్న గొట్టం ముప్పయ్యొకటో వార్షికోత్సవం. ఆ సందర్భంగా సరుకుల రాకపోకలు ఇరవై నాలుగు గంటలు ఆపి, మూడువందల ఖాళీ డొల్లలను పూలదండలతో అలంకరించి ఊరేగించారు. ప్రకటన ముందే వచ్చింది. గుమ్మడికాయ మూడు నెలలు నిలవ ఉంటుంది గనుక ఒక్క రోజు ఆలస్యానికి నేను ఆందోళన చెందలేదు.

ఈ ఉదయం నడిమిపాడు కూడలి యంత్రం నుంచి వచ్చిన సందేశం యథాతథంగా:

"పదకొండవ గడి ప్రకారము రంధ్రము గల గుమ్మడికాయ కోసిన గుమ్మడికాయగా పరిగణింపబడును. కోసిన గుమ్మడికాయ ఆయుష్షు ముప్పయ్యారు గంటలు. బయలుదేరి నలుబది నాలుగు గంటలు గడిచినందున సదరు వస్తువు కుళ్ళినట్లు ధ్రువీకరించి ఎరువుల గుంతకు తరలించడమైనది. దుర్వాసన: మధ్యస్థము."

సందేశాన్ని దస్తగిరి నా భుజం మీదుగా చదివాడు.

"బొక్క ఉందని రాసినావా?"

"ఉంది కాబట్టి రాశాను."

"ఎవురడిగినారు సామీ నిన్ను?"

"పదకొండవ గడి అడిగింది."

అతను తన బల్ల దగ్గరికి పోయి కూర్చున్నాడు. కాసేపటికి అక్కడి నుంచే, నా వైపు తిరగకుండా అన్నాడు: "నేను అబద్ధం రాస్తే పూర్తిగా రాస్తా. నీది అబద్ధమూ గాదు, నిజమూ గాదు. దానికి వర్గం ల్యా."

కొర్రమిట్టకు నేనే ఫోను చేశాను. వేరెవరినైనా చేయమని అడగడానికి నిబంధన అనుమతిస్తున్నది. అడగలేదు.

"కుళ్ళిందా?" అంది సుంకులమ్మ. "కంచు కుళ్ళిందా సార్?"

"ధ్రువపత్రం ఇచ్చారు."

వెనక ఎవరో కట్టెతో తొట్టి అడుగు తడుతున్న చప్పుడు.

"ఇరవైరెండేండ్లు మిషన్ల కాడ పన్జేసినా. తుప్పు సూసినా, పగులు సూసినా, అరుగుదల సూసినా. కంచు కుళ్ళేది ఇదే సూడ్డం."

నమోదు 9. 60వ రోజు.

నడిమిపాడు ఎరువుల గుంత కాపలాదారుతో మాట్లాడాను. మర్యాదస్తుడు.

"ఉందయ్యా, కనపడతానే ఉంది. సొరకాయల నడిమధ్యలో మెరుస్తాంది. ఏం కాయయ్యా అది, ఈగ కూడా వాలకుండా ఉండాది?"

"అది కాయ కాదు. పంపు భాగం. దాన్ని తీసి కొర్రమిట్ట డొల్లలో పెట్టండి."

"గుంతలో పడింది ఎరువు కాకుండా బయటికి రాకూడదు. అరవై దినాలకొకసారి పరీక్ష పెడతారు. ఎరువైందంటే మీరు యాడికి చెప్తే ఆడికి పంపిస్తాం."

"అది ఎరువు కాదు."

"కాకపోతే ఇంకో అరవై దినాలు పెడతారయ్యా. ఓపిక పట్టాల. కొబ్బరి పీచు కూడా ఒకపట్టాన కాదు."

అతను గుంతలోకి దిగి దాన్ని తీసినా, కంచుకు చీటీ రాయడానికి వర్గం లేదని నాకు అప్పుడే తోచింది. ఆ మాట అతనితో అనలేదు. అతను తన పని సరిగ్గా చేస్తున్నాడు. మేమందరం అంతే.

నమోదు 10. 62వ రోజు. తొట్టిలో ఒక జాన.

పచ్చి సరుకు కుళ్ళిపోవుటకు కారకుడైన నేరం కింద నా బొటనవేలి ముద్రను తాత్కాలికంగా నిలిపివేశారు. అభియోగ పత్రంలో గుమ్మడికాయ అనే రాశారు. కంచు ప్రస్తావన లేదు. హైమవతి గారు సెలవు పెట్టారు.

పదకొండు గంటలకు సుంకులమ్మ ఫోను చేసింది. గొంతు గీరుకుపోయి, మాట మాటకీ మధ్య ఎడం ఉన్నది.

"తిరుపాలు తాత పోయినాడు సార్. ఆయన చెల్లెలు గూడా."

"ఎప్పుడు?" అన్నాను.

"ఎప్పుడైతే ఏమిలే. అడుగు జానలో చానా మటుకు బురదే, ఇప్పుడు దినానికి ఒక చెంబే పోస్తాండాం. నేను ఫోన్ చేసింది దానికి గాదు. మీరు పుస్తకాలు బాగా సదివినోళ్ళు గదా, ఒకటడుగుతా. దినామూ మా మూతి కాడ గొర్రెల డొల్లలు వచ్చి ఆగుతాండాయి. గాజుపలకలో నుంచి కనపడతాయి, మూత మాత్రం మాకు తెరుచుకోదు. వాటికి తొట్లు పెట్టినారు. తొట్ల నిండా నీళ్ళు. డొల్ల ఆగినప్పుడల్లా ఆ నీళ్ళు తుళుకుతాంటే మావోళ్ళు గాజుకి మొగం ఆనించి సూస్తాండారు. ద్రవం పోకూడదంటిరి. వాటికెట్ల పోతాండాయి?"

పుస్తకం తీశాను. ఎనభై ఎనిమిదవ నిబంధన: గొట్టంలో ప్రయాణించే సజీవ పశువులకు ఆరు గంటలకొకసారి తలా మూడు లీటర్ల నీరు పెట్టవలెను, ఆ నీరు పశువులో భాగంగా పరిగణింపబడును.

చదివి వినిపించాను.

"మమ్మల్ని అట్ల రాయలేరా?" అంది.

మొదటి నిబంధన చదివి వినిపించాను: మనిషి సరుకు కాడు. మానవ గౌరవాన్ని కాపాడటానికి చేసిన నిబంధన అది. దాన్ని ఆమోదించిన రోజున సభలో పలువురు కళ్ళు తుడుచుకున్నారని సభా కార్యక్రమాల పుస్తకంలో ఉన్నది.

"గౌరవమా," అంది సుంకులమ్మ. నవ్వబోయింది గానీ గొంతు సహకరించలేదు. "మాది మేం సూసుకుంటాం లే సార్. ముందు నీళ్ళ డొల్ల ఎక్కించండి. గొర్రెలని రాస్తారో, బర్రెలని రాస్తారో మీ ఇష్టం."

వెనక నుంచి ఒక మగ గొంతు, "బర్రెలని రాయమను, వాటికి ఇంకా ఎక్కువ పోస్తారు," అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వును నమోదు చేయడం నా విధి కాదు. చేశాను.

గొర్రెకు పుస్తకంలో ఉన్న నిర్వచనాన్ని మూడుసార్లు పరిశీలించాను. కాళ్ళ సంఖ్య చెప్పలేదు. ఉన్ని తప్పనిసరి అనలేదు. గరిష్ఠ బరువు మాత్రం చెప్పారు: ఎనభై కిలోలు. కొర్రమిట్టలో ఇప్పుడు ఎనభై కిలోలున్నవారు ఎవరూ లేరు. సుంకులమ్మను అడిగి ధ్రువపరుచుకున్నాను.

దస్తగిరి తన బొటనవేలు నా ముందు పెట్టాడు. "ఇదిగో, వాడుకో. పోతే పోతాది ఉద్యోగం." మూడవ శ్రేణి ముద్ర ప్రాణం లేని వస్తువులకే చెల్లుతుందని అతనికి గుర్తు చేశాను.

"అయితే ఇంకో రెండు దినాలు ఆగు," అన్నాడు. "అప్పుడు నాదే చెల్లుతాది."



నమోదు 11. 64వ రోజు.

ఉదయం సుంకులమ్మ ఫోనులో పేర్లు చెప్పింది, నేను రాసుకున్నాను. గొర్రెల పత్రంలో పేర్లకు గడి లేదనీ, సంఖ్య చాలుననీ చెప్పాను. "నాకు తెలుసు. అయినా రాసుకో సార్, దించుకునేటప్పుడు పిలిచేదానికి పనికొస్తాయి," అంది. మధ్యలో రెండుసార్లు ఆగి, పక్కవారిని ఏదో అడిగి, అప్పటికే చెప్పిన ఒక పేరును కొట్టేయమంది. రెండువందల ఏడు పేర్లు అయ్యాయి. చివరిది ఆమెది. వయసు చెప్పమంటే, "గొర్రెలకి వయసు కూడా అడుగుతారా," అంది. అడగరు. కొట్టేశాను.

తొట్టిలో ఎంత ఉన్నదని అడిగాను. కట్టె తడవడం లేదని చెప్పింది. గుడ్డతో అద్ది పిండుతున్నారు.

సజీవ సరుకుకు వర్గం మార్చే అధికారం రెండవ శ్రేణివారికి లేదు. అది తమకే ఉన్నది. అందుచేత ఈ దిగువ విషయాన్ని తమ సమక్షంలో దాఖలు చేస్తున్నాను. సర్వీసు మొత్తంలో నేను దాఖలు చేస్తున్న మొదటి డిమాండు గనుక సంఖ్య ఒకటి.

డిమాండు సంఖ్య: ఎర్రగట్టు / సజీవ / 31 / 1

(అ) కొర్రమిట్ట మూతి దగ్గర రేపు ఉదయం ఆగబోయే గొర్రెల డొల్లలలో ఆరింటిని అక్కడ నిలిపివేయవలెను. డొల్లకు నలభై చొప్పున అవి సరిపోతాయి. ఇప్పుడు వాటిలో ఉన్న గొర్రెలను కిందికి దించి మిట్ట నీడలో ఉంచవచ్చు. తమ శాఖ వాటిని దాహానికి వదిలిపెట్టదని నమ్ముతున్నాను.

(ఆ) జతపరచిన జాబితాలోని రెండువందల ఏడు శాల్తీలను గొర్రెలుగా వర్గీకరించి ఆ డొల్లలలోకి ఎక్కించి ఎర్రగట్టుకు పంపవలెను. కాటా దగ్గర ఏ అభ్యంతరమూ రాదు; బరువులు నేను సరిచూశాను.

(ఇ) ఎనభై ఎనిమిదవ నిబంధన ప్రకారం ఎక్కించిన వెంటనే తలా మూడు లీటర్ల నీరు పెట్టవలెను. ఆరు గంటల వ్యవధిని ఎక్కించిన క్షణం నుంచి కాక, వారు చివరిసారి నీళ్ళు తాగిన క్షణం నుంచి లెక్కించవలెను.

(ఈ) ఇది తప్పుడు వర్గీకరణ. ఈ విషయం నాకు తెలిసే రాస్తున్నాను. దీనికి శిక్ష ఏదైనా ఉంటే ఎర్రగట్టు రెండవ శ్రేణి వర్గీకరణాధికారికి విధించవలెను. సదరు శాల్తీలకు కాదు.

(ఉ) మొదటి నిబంధనకు భంగం కలుగుతుందన్న సంకోచం తమకు అక్కరలేదు. ఎర్రగట్టులో దించుకుని, పేరు పేరునా పిలిచి, మరొకసారి నీళ్ళు తాగించిన తరువాత, వారిని తిరిగి మనుషులుగా వర్గీకరించే విషయాన్ని తమ వీలునుబట్టి పరిశీలించవచ్చును.